సముద్రం అవతల కాపురం... ఆ ఇంట్లో ప్రార్థన

కాట్పాడి స్టేషన్‌లో రైలు దిగి ఒక్క నిమిషం నిలబడండి. చుట్టూ వినిపించేది సగం తెలుగే. చిత్తూరు నుంచి, కడప నుంచి, నెల్లూరు నుంచి వచ్చినవాళ్లు... చంకలో ఎక్స్‌రేల కవరు, చేతిలో అన్నం క్యారియరు. ‘రాయవేలూరు తీసుకెళ్తే నయమైపోతుంది’ అన్న ధీమా మూడు నాలుగు తరాలుగా మన ఇళ్లలో ఉంది. ఆ వేలూరు ఆస్పత్రిని మొదలుపెట్టింది ఇడా స్కడర్ అనే అమెరికన్ డాక్టరమ్మ అని కూడా చాలామందికి తెలుసు.

తెలియనిదల్లా ఒకటే. చిన్నప్పుడు ఆ అమ్మాయి ‘నేను మాత్రం జన్మలో మిషనరీని కాను’ అని ఒట్టు పెట్టుకుంది!

ఎందుకు పెట్టుకుందంటే, మిషనరీ ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు కనక. తాతది అదే పని, నాన్నది అదే పని, పెదనాన్నలదీ అదే పని. దొరల బంగళా అంటే మనకు గుర్తొచ్చేది ఎత్తయిన వరండా, తోట, వంటవాడు, గుర్రబ్బండి. బయటి నుంచి చూసేవాళ్లకు అంతవరకే కనిపిస్తుంది. లోపల ఏం జరిగేది? దేశం కాని దేశంలో, భాష రాని ఊళ్లో ఆ ఆడవాళ్లు పిల్లల్ని ఎలా పెంచారు? జబ్బు చేస్తే, బిడ్డ పోతే, మొగుడు జైల్లో పడితే ఆ ఇంట్లో ప్రార్థన ఎలా సాగింది? అసలు సాగిందా?

వాళ్ల ఉత్తరాల్లో, డైరీల్లో దీనికి జవాబులున్నాయి. కొన్ని మనసును తాకుతాయి. కొన్ని ఇబ్బంది పెడతాయి కూడా.

దిండులో ముఖం దాచుకున్న పిల్ల

ఇడా 1870లో తమిళనాడులోని రాణిపేటలో పుట్టింది. అన్నల మధ్య ఒక్కగానొక్క ఆడపిల్ల. నాన్న జాన్ స్కడర్ డాక్టరు, మిషనరీ. ఆమెకు ఆరేడేళ్ల వయసులోనే దక్షిణాదిని 1876-78 నాటి మహా కరువు పట్టింది. మన పెద్దవాళ్లు ‘ధాత కరువు’ అని చెప్పుకున్నది అదే. బంగళా ముందు ఆకలితో చేరిన పిల్లలకు రొట్టె ముక్కలు పంచే పని ఆ పసిదానికి కూడా పడింది. ఆ ఎండిన చేతులు ఆమె మనసులోంచి ఎప్పటికీ పోలేదట.

కరువు తర్వాత కుటుంబం అమెరికా వెళ్లింది. అక్కడ బడి, మంచు, స్నేహితురాళ్లు... హాయిగా ఉంది. కానీ కొన్నాళ్లకు నాన్న మళ్లీ ఇండియాకు బయల్దేరాడు. ఇంకొన్నాళ్లకు అమ్మ సోఫియా కూడా వెళ్లాల్సి వచ్చింది. పదమూడేళ్ల ఇడాను షికాగోలో బంధువుల ఇంట్లో వదిలేసి!

అమ్మ బయల్దేరిన రాత్రి ఆ పిల్ల అమ్మ గదిలోకి పరిగెత్తి, ఆమె దిండులో ముఖం దాచుకుని ఏడ్చిందని ఇడా జీవిత కథ రాసినవాళ్లు చెబుతారు. హాస్టల్లో పిల్లని దించి వెనక్కి తిరగలేక గేటు దగ్గరే నిలబడిపోయిన తల్లులకు ఈ దృశ్యం ఎవరూ వివరించక్కర్లేదు. కాకపోతే ఆ తల్లీ కూతుళ్ల మధ్య దూరం ఒక రాత్రి బస్సు ప్రయాణం కాదు. రెండు మహా సముద్రాలు.

ఇది ఆ ఒక్క ఇంటి కథే కూడా కాదు. ఆ రోజుల్లో మిషనరీ కుటుంబాలన్నిటికీ ఇదే పెద్ద పరీక్ష. ఇక్కడి జ్వరాలకు పిల్లలు తట్టుకోలేరన్న భయం, వాళ్ల భాషలో చదువు చెప్పే బడి లేకపోవడం... ఈ రెండూ కలిసి ఆరేడేళ్లు రాగానే పిల్లల్ని ఓడ ఎక్కించేవి. తిరిగి చూసుకునేది ఎప్పుడో, అసలు చూసుకుంటారో లేదో తెలియదు. బర్మాలో పనిచేసిన సారా బోర్డ్‌మన్ అనే తల్లి, మొదటి భర్త చనిపోయాక, ఆరేళ్ల కొడుకు జార్జ్‌ను అమ్మా నాన్నా తోడు లేకుండా అమెరికా పంపింది. ఆ తర్వాత పదేళ్లకు, తనూ స్వదేశానికి బయల్దేరి, దారిలో సెయింట్ హెలీనా దీవి దగ్గర కన్నుమూసింది. కొడుకును మళ్లీ చూసుకోలేదు.

ఉత్తరాల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1869లో సూయజ్ కాలువ తెరిచేదాకా ఓడలు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావాలి. ప్రయాణం నాలుగైదు నెలలు. ‘పాపకు జ్వరం’ అన్న ఉత్తరం చేరేసరికి పాపకు నయమైనా అయి ఉండాలి, పాప లేకుండా అయినా పోయి ఉండాలి. మరి ఈ మధ్యలో తల్లి చేయగలిగిందేమిటి? సాయంత్రం దీపం పెట్టాక బిడ్డ పేరు చెప్పి దేవుడికి దణ్ణం పెట్టుకోవడం. ఆ ఇళ్లలో ప్రార్థనకు అంత చోటు ఎందుకుందో ఇక్కడ అర్థమవుతుంది. భక్తి ఒక కారణం. వేరే దారి లేకపోవడం ఇంకో కారణం.

శనివారం సాయంత్రం సర్దుబాట్లు

ఇడా పుట్టడానికి డెబ్బై ఏళ్ల ముందు కలకత్తా పక్కన, హుగ్లీ ఒడ్డున ఉన్న శ్రీరాంపూర్‌కి వెళ్దాం. అప్పట్లో అది డెన్మార్క్ వాళ్ల ఊరు. 1800 జనవరిలో అక్కడ కొన్ని ఇంగ్లిషు కుటుంబాలు ఒకే ఇంట్లో కాపురం పెట్టాయి. ఒకప్పుడు చెప్పులు కుట్టుకుని బతికిన విలియం కేరీ, బడిపంతులు జాషువా మార్ష్‌మన్, ప్రింటరు విలియం వార్డ్, వాళ్ల వాళ్ల పెళ్లాం పిల్లలు. ఒకే వంట, ఒకే బల్ల, సంపాదనంతా ఒకే పెట్టెలోకి. మనకు బాగా తెలిసిన ఉమ్మడి కుటుంబమే.

ఉమ్మడి కాపురమంటే మాటా మాటా రాకుండా ఉంటుందా? వాళ్లకీ తెలుసు. అందుకే చేరిన కొద్ది రోజులకే రూల్సు రాసుకున్నారు. ఇంటి పెత్తనం నెలకొకరు. ప్రార్థన, ప్రసంగం వంతులవారీగా. అన్నిటికంటే ముచ్చటైనది శనివారం రూలు. వారం రోజుల్లో ఒకరి మీద ఒకరికి ఏ మనస్పర్థ వచ్చినా శనివారం సాయంత్రం కూర్చుని తేల్చుకోవాలి. ప్రేమగా ఉంటామని మళ్లీ మాట ఇచ్చుకోవాలి. ఆదివారం గుడికి కోపంతో వెళ్లకూడదన్నమాట! వార్డ్ తన డైరీలో రాసిపెట్టిన సంగతి ఇది.

ఆ ఇంటిని నిలబెట్టిన మనిషి హన్నా మార్ష్‌మన్. తన పిల్లలు, బోర్డింగ్ స్కూలు పిల్లలు, తల్లి ఆలనా పాలనా లేక అల్లరిగా తిరుగుతున్న కేరీ కొడుకులు... అందరి బాధ్యతా ఆమెదే. కేరీ తన పిల్లల్ని గట్టిగా ఒక్క మాట అనలేడని ఆమెకు కొంచెం చిరాకు కూడా.

ఇక కేరీ దినచర్య చూస్తే కళ్లు తిరుగుతాయి. 1806లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఒక రోజు ఎలా గడిచిందో వివరంగా చెప్పాడు. ఆరు కొట్టక ముందే లేవడం, హీబ్రూ బైబిల్లో ఒక అధ్యాయం, ఏడు దాకా ఏకాంత ప్రార్థన, ఆ తర్వాత పనివాళ్లతో కలిసి బెంగాలీలో కుటుంబ ప్రార్థన. టీ. పారసీ, హిందుస్తానీ, సంస్కృతం. పది నుంచి కాలేజీలో పాఠాలు. భోంచేశాక సంస్కృతంలోకి అనువాదం. సాయంత్రం ఆరు దాటాక... మన వాళ్లకు ఆసక్తి కలిగించే మాట... ఒక తెలుగు పండితుడి దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకోవడం! రాత్రి పదకొండు దాకా ఇంకా పనే. ఆ సాయంత్రాల ఫలితమే 1814లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన ఆయన తెలుగు వ్యాకరణం.

ఇంతవరకూ చదివితే చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది. కానీ అదే ఇంట్లో ఇంకో గది ఉంది.

తలుపు మూసిన గది

ఆ గదిలో ఉన్నది కేరీ భార్య డొరతీ. పెళ్లి రిజిస్టర్లో సంతకం చేయడం రాక గుర్తు పెట్టిన పల్లెటూరి అమ్మాయి. 1793లో భర్త ‘ఇండియా వెళ్దాం’ అంటే ‘నేను రాను’ అని తెగేసి చెప్పింది. నిండు గర్భిణి. ముందు చూస్తే అయిదు నెలల సముద్ర ప్రయాణం, వెనక చూస్తే చంటి పిల్లలు. కేరీ పెద్ద కొడుకును తీసుకుని బయల్దేరిపోయాడు కూడా. ఓడ విషయంలో ఏదో అడ్డంకి వచ్చి ప్రయాణం ఆగడంతో వెనక్కి వచ్చి మళ్లీ బతిమాలారు. చెల్లెలు కిట్టీ తోడొస్తే వస్తానంది. పసికందును ఒళ్లో పెట్టుకుని ఓడ ఎక్కింది.

మరుసటి ఏడాది బెంగాల్లోని మద్నాబటి అనే పల్లెలో అయిదేళ్ల కొడుకు పీటర్ జ్వరంతో, విరేచనాలతో పోయాడు. ఊరు కొత్త, ఆచారాలు వేరు. గొయ్యి తవ్వడానికి, మోయడానికి మనుషులు దొరకడమే గగనమైంది. ఆ దెబ్బతో డొరతీ మనసు విరిగిపోయింది. భర్త మీద లేనిపోని అనుమానాలు, కేకలు, దాడులు. ఆ రోజుల్లో అలాంటి జబ్బుకు మందు లేదు. ఉన్నదల్లా ఒక గది, మూసిన తలుపు. ఆయన అనువాదం చేస్తుంటే పక్క గదిలోంచి ఆమె కేకలు వినిపించేవి. 1807 డిసెంబరులో చనిపోయేదాకా ఆమె జీవితం అంతే.

ఆమెను పిచ్చాసుపత్రికి పంపేయమని కొందరు సలహా ఇచ్చినా కేరీ పంపలేదు. అది ఆయన మంచితనం. కానీ రానని చెప్పిన మనిషిని తీసుకురావడం సరైనదేనా అన్న ప్రశ్న అలాగే ఉంటుంది. ఉదయం ఏడింటి కుటుంబ ప్రార్థన ఆ ఇంట్లో ఒక్క రోజూ ఆగినట్టు లేదు. అయినా డొరతీకి నయం కాలేదు. ప్రార్థన గురించి రాసే కథల్లో ఈ గది సాధారణంగా కనిపించదు. కనిపించాలి. ఎందుకంటే పిలుపు ఒకరికి వచ్చినా, దాని బరువు మోసింది ఇంటిల్లిపాదీ.

రంగంలో ఒక అమ్మ

మన ఉత్తర కోస్తా, గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్లను అడిగితే ‘మా తాత రంగం వెళ్లాడు’ అని చెబుతారు. రంగం అంటే రంగూన్. మన కూలీలు ఓడలెక్కి అక్కడికి వెళ్లడానికి ఎన్నో ఏళ్ల ముందు, 1813లో, ఒక అమెరికన్ జంట ఆ రేవులో దిగింది. అదొనిరామ్ జడ్సన్, ఆన్. పెళ్లయి ఏడాదిన్నర. దారిలోనే ఓడ మీద తొలి బిడ్డ పురిట్లోనే పోయింది.

ఆయన పుస్తకాలు ముందేసుకుని బర్మీస్ వ్యాకరణం నేర్చుకుంటుంటే, ఆమె బజారుకు వెళ్లి, పనివాళ్లతో మాట్లాడి, కూరలు బేరమాడి భాష పట్టేసింది. రోజువారీ మాటల్లో తనే ముందున్నానని ఆమే ఒక ఉత్తరంలో చెప్పుకుంది. పరాయి రాష్ట్రంలో కాపురం పెట్టిన ఏ ఇల్లాలినైనా అడగండి, నిజమే అంటుంది. రెండో బిడ్డ రోజర్ ఎనిమిది నెలలకే జ్వరంతో పోయాడు.

1824లో ఇంగ్లిషు వాళ్లకూ, బర్మా రాజుకూ యుద్ధం మొదలైంది. తెల్లవాళ్లంతా గూఢచారులే అన్న అనుమానంతో రాజధాని ఆవాలో జడ్సన్‌ను జైల్లో వేశారు. కాళ్లకు సంకెళ్లు. ఖైదీలకు తిండి పెట్టేది జైలు కాదు, ఇంటివాళ్లే తెచ్చుకోవాలి. గర్భిణిగా ఉన్న ఆన్ రోజూ అధికారుల గుమ్మాలు తిరిగింది. అన్నం తీసుకెళ్లింది. ఏళ్ల తరబడి పడ్డ కష్టం అయిన బైబిలు అనువాదం రాతప్రతిని ఎవరూ తీసుకోవడానికి ఇష్టపడనంత గట్టి దిండులో పెట్టి కుట్టి, భర్త తల కిందకు పంపింది.

ఒక రోజు ఏదో ఒకటి ప్రత్యేకంగా చేసి పెట్టాలనిపించింది ఆమెకు. తమ ఊళ్లో పండగకి చేసుకునే మాంసం కూరిన తీపి రొట్టె చేద్దామంటే సామాను ఎక్కడ? గేదె మాంసం, అరటిపళ్లు కలిపి ఎలాగో ఆ రూపం తెప్పించి పంపింది. దాన్ని చూడగానే జడ్సన్‌కు చిన్నప్పటి ఇల్లు, పళ్లెం ముందు కూర్చున్న అమ్మానాన్నలు గుర్తొచ్చారు. మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. తినలేక పక్క ఖైదీకి ఇచ్చేశాడు. సంకెళ్లకు ఏడవని మనిషి వంటకాన్ని చూసి ఏడ్చాడన్నమాట!

1825 జనవరిలో పాప మరియా పుట్టింది. ఖైదీలను ఇంకో ఊరికి మారిస్తే ఆన్ పాపతో వెంట వెళ్లింది. అక్కడ జ్వరంతో మంచాన పడింది. పాలు ఎండిపోయాయి. పాప రాత్రీ పగలూ గుక్కపెట్టి ఏడుపు. ఆన్ జైలు కాపలావాళ్లకు కానుకలిచ్చి ఒక అనుమతి సంపాదించింది. భర్త కాసేపు బయటికొచ్చి, సంకెళ్లతోనే, పాపను చేతుల్లో పెట్టుకుని ఊళ్లోకి వెళ్లాలి. బిడ్డల తల్లుల్ని అడుక్కోవాలి. ‘అమ్మా, నీ బిడ్డ తాగాక మిగిలితే నా బిడ్డకు కాస్త...’ అని. పేరు కూడా తెలియని ఆ బర్మా తల్లులు పాపకు పాలిచ్చారు. శత్రుదేశపు మనిషి బిడ్డ అని చూడలేదు. ఆ ఇంటి ప్రార్థనకు ఆ రోజుల్లో జవాబు వచ్చిందీ అంటే, అది ఆ తల్లుల రూపంలోనే వచ్చింది.

దాదాపు ఏడాదిన్నరకు జడ్సన్ విడుదలయ్యాడు. కానీ 1826 అక్టోబరులో ఆయన ఊళ్లో లేనప్పుడు ఆన్ కన్నుమూసింది. ఆరు నెలలకు పాప కూడా. జడ్సన్ కుంగిపోయాడు. అడవిలో గుడిసె వేసుకుని ఒంటరిగా ఉన్నాడు. తన సమాధి తనే తవ్వుకుని దాని పక్కన కూర్చునేవాడు. ఆన్ పోయిన మూడేళ్లకు ఆయన రాసిన మాటల సారాంశం ఇది: దేవుణ్ణి నమ్ముతున్నాను, కానీ ఎంత వెతికినా దొరకడం లేదు. పదిమందికీ ప్రార్థన నేర్పిన మనిషి రాసిన మాట అది! దాచుకోకుండా రాశాడు. ఆ తర్వాత మెల్లగా కోలుకుని, 1834లో బర్మీస్ బైబిల్ అనువాదం పూర్తి చేశాడు. దిండులో దాగిన ఆ రాతప్రతి కూడా బతికే ఉంది. ఖైదీలను మార్చినప్పుడు కాపలావాళ్లు పారేసిన దిండును మాంగ్ ఇంగ్ అనే శిష్యుడు గుర్తుగా ఇంటికి తీసుకెళ్లి భద్రపరిచాడు మరి.

ఒంగోలు కొండ మీద అయిదుగురు

ఇప్పుడు మన ఊరికి వద్దాం. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో మొదలైంది. ఏళ్లు గడుస్తున్నా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ‘ఇంక చాలు, మూసేద్దాం’ అని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు చర్చించారు. 1853లో జరిగిన సభలో మ్యాపు మీద ఒంటరిగా ఉన్న నెల్లూరును చూసి ఎవరో ‘ఒంటరి నక్షత్రం’ అన్నారట. ఆ పేరే నిలిచిపోయింది. ‘లోన్ స్టార్ మిషన్’.

ఆ ఒంటరి నక్షత్రం కింద కాపురం చేస్తున్నది లైమన్ జూయెట్, ఆయన భార్య యుఫీమియా. 1849లో వచ్చారు. ఇంటి దగ్గర నుంచి వచ్చే ఉత్తరాల్లో ‘మిమ్మల్ని వెనక్కి పిలిచేస్తారేమో’ అన్న గుసగుస. ఇక్కడ చూస్తే చెప్పుకోదగ్గ ఫలితం లేదు. మామూలు ఉద్యోగి అయితే ట్రాన్స్‌ఫర్ అడిగేవాడు.

1854 జనవరి 1. కొత్త సంవత్సరం తెల్లవారుజాము. పర్యటనలో భాగంగా ఒంగోలు వచ్చిన జూయెట్ దంపతులు చీకటి ఉండగానే ఊరి పక్క కొండ ఎక్కారు. వాళ్ల వెంట ముగ్గురు తెలుగువాళ్లు: క్రిస్టియన్ నర్సు, జూలియా, రూత్. ఒక పాట పాడుకున్నారు. కొండల మీద శుభవార్త తెచ్చేవారి పాదాల గురించి యెషయా గ్రంథంలో ఉన్న భాగం చదువుకున్నారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు, అయిదుగురూ ప్రార్థన చేశారు. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని అడిగారు. సూర్యోదయం అయ్యాక దిగి వచ్చేశారు.

అంతే. ఆ రోజు ఏ అద్భుతమూ జరగలేదు. మర్నాడూ జరగలేదు. అడిగిన మనిషి జాన్ క్లౌ వచ్చింది 1865లో, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు! మధ్యలో జూయెట్ ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు ఆ కొత్త జంటను వెంట తీసుకొచ్చాడు.

తర్వాతి కథ జిల్లాలో అందరికీ తెలిసిందే. ధాత కరువు రోజుల్లో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలీ ఇప్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు.

అయితే ఈ కథ చెప్పుకునేటప్పుడు ఒక్కటి గమనించండి. కొండ మీద ఉన్న అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. అందులో ఇద్దరు తెలుగు ఆడవాళ్లు. చీకట్లో కొండ ఎక్కిన ఆ ఇద్దరికీ ఓడ ఎక్కి తిరిగి వెళ్లిపోయే వీలు లేదు. మిషన్ మూసేస్తే జూయెట్లకు అమెరికా ఉంది. జూలియాకు, రూత్‌కు ఉన్నది ఈ ఊళ్లే, ఈ ఇరుగుపొరుగే. ఆ తెల్లవారి ప్రార్థనలో ఎవరి గొంతు ఎక్కువ వణికి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు.

పుట్టినరోజు నాటి ఉపవాసం

మళ్లీ స్కడర్ల ఇంటికి వద్దాం. ఇడా తాత, ఆయన పేరు కూడా జాన్ స్కడరే, న్యూయార్క్‌లో మంచి ప్రాక్టీసున్న డాక్టరు. 1819లో భార్య హారియట్‌తో అంతా వదిలి సిలోన్‌కు బయల్దేరాడు. వాళ్ల తొలి పాప కలకత్తా చేరగానే పోయింది. ఆ తర్వాతా పసిబిడ్డల్ని పోగొట్టుకున్నారు. బతికిన కొడుకులు ఏడుగురు.

హారియట్ గురించి ఆ కుటుంబంలో ఒక మాట చెప్పుకునేవారు. ప్రతి పిల్లవాడి పుట్టినరోజునాడు ఆమె ఆ పిల్లవాడి కోసమే ఉపవాసముండి రోజంతా ప్రార్థన చేసేదట. పిల్లలు దగ్గరున్నా అంతే, సముద్రం అవతల ఉన్నా అంతే. మనింట్లో అమ్మ కొడుకు పేరు మీద శనివారాలు ఒక్కపొద్దు ఉండటం గుర్తొస్తుంది కదూ! దేవుడు వేరు, పద్ధతి వేరు. ఆరాటం ఒకటే. ఆ ఏడుగురు కొడుకులూ పెద్దయ్యాక ఇండియాకే వచ్చారు. వాళ్లు మొదలుపెట్టిన ఆర్కాట్ మిషన్ మన మదనపల్లె దాకా విస్తరించింది. అక్కడి ఆస్పత్రి, ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం మూలాలు ఆ చెట్టువే.

ఇంత వారసత్వం ఉన్నా మనవరాలు ఇడా మాత్రం ససేమిరా అంది. 1890లో అమ్మకు జబ్బు చేసిందని కబురొస్తే, ‘చూసి వచ్చేస్తా’ అని తమిళనాడులోని తిండివనం వచ్చింది. అమ్మ సేవ చేసుకుని వెనక్కి వెళ్లి, హాయిగా పెళ్లి చేసుకోవాలన్నది ఆమె లెక్క.

ఒక రాత్రి గదిలో ఉత్తరం రాసుకుంటుంటే వరండాలో అడుగుల చప్పుడు. ఒక బ్రాహ్మణ యువకుడు. ‘నా భార్య పురిటి నొప్పులతో చావుబతుకుల్లో ఉంది, రండి’ అన్నాడు. ‘నాకు వైద్యం రాదు, డాక్టరు మా నాన్న. ఆయన్ని తీసుకెళ్లండి, నేను సాయం వస్తాను’ అంది. పరాయి మగవాడు మా ఇంట్లో ఆడవాళ్లను చూడటానికి వీల్లేదని అతను వెళ్లిపోయాడు. కాసేపటికి ఒక ముస్లిం వచ్చాడు. అదే కష్టం, అదే జవాబు. ఆ తర్వాత ఇంకో హిందువు. ముగ్గురూ వట్టి చేతులతోనే వెనుదిరిగారు.

ఆ రాత్రి ఇడాకు నిద్ర లేదు. ఇరవయ్యేళ్ల పిల్ల తెల్లవార్లూ దేవుడితో పోట్లాడింది. తన జీవితం తనకు కావాలి. ఆ ముగ్గురి ముఖాలేమో కళ్ల ముందు నుంచి పోవు. పొద్దున్నే చావు డప్పు వినిపించింది. పనివాణ్ణి పంపి కనుక్కుంటే... ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. మరో గంట ఒంటరిగా గదిలో ఉండి బయటికొచ్చి అమ్మానాన్నలతో అంది: అమెరికా వెళ్లి డాక్టరు చదివి తిరిగొస్తాను.

అన్నట్టే 1899లో డాక్టరు పట్టా తీసుకుంది. 1900లో వేలూరులో అమ్మానాన్నల ఇంట్లోనే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. అదే ఏడాది నాన్న పోయాడు. 1902లో ఆస్పత్రి లేచింది. 1918లో ఆడపిల్లల కోసం వైద్య విద్యాలయం. ఇవాళ కాట్పాడిలో దిగుతున్న మనవాళ్లంతా ఆ రాత్రి తలుపు తట్టిన ముగ్గురి తర్వాతి వాళ్లే.

మళ్లీ కలిసిన తల్లీ కూతుళ్లు

ఆస్పత్రి కథ ఎంత పెద్దదైనా, నాకు నచ్చే ముగింపు ఇంకోటి ఉంది. షికాగోలో ఏడుస్తున్న పిల్లను వదిలి ఓడ ఎక్కిన తల్లి సోఫియా, భర్త పోయాక కూడా ఇండియాలోనే ఉండిపోయింది. వేలూరులో కూతురి దగ్గర. ముసలితనంలో చాలా ఏళ్లు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. రోజంతా ఆపరేషన్లు చేసి అలసిపోయి వచ్చిన కూతురి కోసం ఇంట్లో అమ్మ ఎదురుచూస్తూ ఉండేది. చిన్నప్పుడు దక్కని సాయంత్రాలు పెద్దయ్యాక దక్కాయి.

అందరికీ ఆ అదృష్టం లేదు. సారాకు లేదు. డొరతీకి లేదు. కొంతకాలానికి మిషన్లు కూడా ఈ సంగతి గ్రహించినట్టున్నాయి. 1901లో కొడైకెనాల్‌లో మిషనరీల పిల్లల కోసం ఒక బడి పెట్టారు. ఓడ బదులు కొండ. ఏళ్ల బదులు నెలల ఎడబాటు. ఎన్ని ప్రార్థనలతోనో నెట్టుకొచ్చిన కష్టాన్ని ఒక బడి కొంత తీర్చింది. ముందే పెట్టి ఉంటే ఎన్ని దిండ్లు తడవకుండా ఉండేవో!

ఇప్పుడు కాలం తిరగబడింది. మన ఇళ్ల నుంచే పిల్లలు సముద్రాలు దాటుతున్నారు. ఉద్యోగానికి, నర్సు పనికి, చదువుకు, కొందరు దేవుడి సేవకు కూడా. చంటిబిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి గల్ఫ్ విమానం ఎక్కే తల్లులు గోదావరి జిల్లాల్లో ఎందరో. వాళ్లకు వీడియో కాల్ ఉంది, నిజమే. కానీ ఫోన్ పెట్టేశాక మిగిలే నిశ్శబ్దం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఆ నిశ్శబ్దంలో పిల్ల పేరు చెప్పి దణ్ణం పెట్టుకునే అలవాటు మాత్రం పోలేదు.

ఈసారి ఒంగోలు వెళ్తే ఆ కొండ ఎక్కి చూడండి. వేలూరు వెళ్తే ఆస్పత్రి వరండాలో ఒక్క నిమిషం ఆగండి. పేర్లు రాసి ఉన్నవాళ్లను తలుచుకోండి. దాంతోపాటు పేరు రాయనివాళ్లను కూడా... మూసిన గదిలోని ఇల్లాలిని, పరాయి పాపకు పాలిచ్చిన తల్లుల్ని, చీకట్లో కొండ ఎక్కిన జూలియాను, రూత్‌ను.